ఆరు నెలలు కూర్చున్నాక చెబుతున్నా: కడియం గడ్డి, మా పార్కు సోఫా

పార్కులో మట్టితో సోఫా కట్టి దాని మీద పరవడానికి కడియం నర్సరీలో గడ్డి చదరపు అడుగు 12 రూపాయల చొప్పున వంద అడుగులు కొన్నాం. అందులో పదడుగులు ఆవు తినేసింది. అది నర్సరీ ఆయన తప్పు కాదు కాబట్టి దానికి మార్కులు కొయ్యడం లేదు. మిగతా తొంభై అడుగుల సంగతే ఈ రివ్యూ.

నాది రాజమండ్రి. టైలరింగ్ షాపు నడుపుతాను. పొద్దున్నే మా కాలనీ పార్కులో నడిచే బ్యాచ్ మాది ఆరుగురం. రిటైరైన లెక్కల మాస్టారు, ఆయన భార్య (అందరం పిన్నిగారంటాం), మందుల షాపాయన, నేను, ఇద్దరు డిగ్రీ కుర్రాళ్లు. కుర్రాళ్లు నడవడానికి రారు, రీల్స్ తీసుకోవడానికి వస్తారు. అయినా లెక్కలో వేసుకుంటాం, ఎందుకంటే మట్టి మోసింది వాళ్లే. పార్కులో సిమెంటు బెంచీలు నాలుగున్నాయి. రెండింటికి నడుం విరిగింది. మిగతా రెండు ఎండాకాలంలో పెనం, వానాకాలంలో పాచి.

కిందటి జూన్‌లో ఒక కుర్రాడు ఫోన్లో ఫోటో చూపించాడు. ఇటలీలో టురిన్ అనే ఊరుంది కదా, అక్కడ నూక్లియో అని ఒక డిజైన్ బృందం 2000లో టెర్రా అని ఒక కుర్చీ తయారుచేసింది. కుర్చీ అంటారుగానీ చేతికిచ్చేది అట్టముక్కలే. వాటిని ఒకదాంట్లో ఒకటి దూర్చి నిలబెట్టి, మధ్య గళ్లలో మట్టి నింపి, పైన గడ్డి విత్తనాలు చల్లాలి. కొన్నాళ్లకి పచ్చగడ్డి కుర్చీ అవుతుంది. లోపలి అట్ట మట్టిలో కలిసిపోతుంది. ఫోటో చూడగానే నాకు కనిపించింది గడ్డి కాదు, కటింగు. ముందు భాగం, వీపు, రెండు చేతులు. రోజూ నేను చేసే పనే కదా అనిపించింది. "కుర్చీ ఎందుకురా, ముగ్గురు కూర్చునేలా సోఫా చేద్దాం" అని నోరు జారింది నేనే.

పార్కు కార్పొరేషన్‌ది. సిమెంటు కట్టడం కాదు, మట్టి దిబ్బ మీద గడ్డి అని కాగితం రాసిచ్చాం. సరేనన్నారు.

ఇక లెక్క. సోఫా మొత్తం పొడవు ఎనిమిదడుగులు, లోతు మూడడుగులు. కూర్చునే చోటు ఆరడుగుల పొడవు, రెండడుగుల లోతు, నేల నుంచి పదహారు అంగుళాల ఎత్తు. దాని మీద అడుగున్నర వీపు, అటూ ఇటూ అడుగేసి వెడల్పు చేతులు. మాస్టారు కాగితం మీద గుణించి నలభై చదరపు అడుగుల గడ్డి చాలన్నారు. నేను చూశాను. కూర్చునే చోటుంది, ఆనుకునే చోటుంది, పై అంచుంది, కాళ్ల దగ్గరి ముందు గోడ ఉంది. అంతే. "మాస్టారూ, మీ సోఫాకి చేతుల్లేవు, పక్కల్లేవు, వెనక వీపు అసలే లేదు" అన్నాను. ముప్పై ఐదేళ్లు లెక్కలు చెప్పిన మనిషి, కాసేపు మాట్లాడలేదు. టేపు పెట్టి మళ్లీ కొలిస్తే ఎనభై నాలుగొచ్చింది. బట్టకైనా గడ్డికైనా కొంత ఎక్కువే తీసుకోవాలి, అందుకని వంద. మీరెవరైనా ఇలాంటిది చేస్తే ముందు ఈ లెక్క చూసుకోండి. నేల మీద లాన్‌కి ఒకటే ముఖం. సోఫాకి అన్ని వైపులా ముఖాలే.

కడియం మాకు పది పన్నెండు కిలోమీటర్లు. వేమగిరి దాటాక హైవేకి రెండు పక్కలా నర్సరీలే, కడియపులంక, బుర్రిలంక అంతా అదే పని. గోదావరి కాలవ నీళ్లు, లంకల ఒండ్రుమట్టి, తరాల అనుభవం, మూడూ కలిసొచ్చిన చోటు. ఇక్కడి మొక్క ఏ రాష్ట్రంలోనో డివైడర్ మీద నిలబడి ఉంటుంది, దాని సొంతూరు కడియం అని ఎవరికీ తెలీదు. మేం వెళ్లిన నర్సరీ పేరు రాయను, ఎందుకంటే తర్వాత ఒక ఫిర్యాదుంది.

ఆయన మంచి మనిషే. మేం చెప్పింది ముందు అర్థం కాలేదు.

"సోఫా దగ్గర వెయ్యడానికాండీ?"

"కాదండీ, సోఫాకే."

"సోఫా కిందకాండీ?"

"సోఫాయే గడ్డి అండీ."

మమ్మల్ని, మేమొచ్చిన ట్రాలీ ఆటోని ఒకసారి చూసి, "ఆయ్, అలాగే కానివ్వండి" అన్నాడు.

మూడు రకాలు చూపించాడు. కొరియన్ గడ్డి చూడ్డానికి పట్టులా ఉంది, వేళ్లు పెడితే వదలబుద్ధి కాలేదు. "అది బొడిపెలు బొడిపెలుగా లేస్తదండీ, అందానికే గానీ కూర్చోడానికి కాదు, పైగా తాపీగా అల్లుకుంటది" అన్నాడు. సెలక్షన్ వన్ అని ఇంకోటి, అది గరిక జాతే, గబగబా పెరుగుతుంది, వారం వారం కత్తిరించాలి. మూడోది నర్సరీల్లో మెక్సికన్ గడ్డి అంటారు. పొట్టిగా, దట్టంగా, కాలు పెడితే దిగి మళ్లీ లేస్తుంది. అదే తీసుకోమన్నాడు. ఎక్కడ పెడతారంటే పార్కులో నిద్రగన్నేరు చెట్టు కింద అన్నాం, చల్లగా కూర్చోవచ్చని. "వద్దండీ. అక్కడ మీరు చల్లగా ఉంటారు, గడ్డి ఉండదు. ఆరుబయట పెట్టండి" అన్నాడు. ఆ ఒక్క మాట మా డబ్బులన్నీ కాపాడింది. ఖరీదైన రకం అంటగట్టకుండా పనికొచ్చేది చెప్పాడు చూడండి, దీనికి ఆయనకి పూర్తి మార్కులు.

గడ్డి పాలిథిన్ షీటు మీద పల్చగా నల్లమట్టి పరిచి పెంచినది. అడుగు వెడల్పు, రెండడుగుల పొడవు ముక్కలు కోసి చాపల్లా చుట్టి ఇస్తారు. ముక్కలన్నీ ఒకే మందం, ఎక్కడా చిరుగు లేదు, పసుపు మచ్చ లేదు. ఈ మాట బట్టల షాపుల గురించి కూడా అంత తేలిగ్గా అనను నేను.

అట్టలకి ఎలక్ట్రానిక్స్ షాపులో ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ డబ్బాలు అడిగి తెచ్చాం. ముందు న్యూస్ పేపర్ మీద సగం సైజు నమూనా గీసి, దాన్ని పెంచి అట్ట మీద గీశాను. పక్కనుంచి చూస్తే సోఫా ఎలా ఉంటుందో ఆ ఆకారంలో తొమ్మిది అట్టలు, వాటిని అడ్డంగా పట్టుకునే పొడవాటివి మూడు. కలిసే చోటల్లా ఒకదానికి పైనుంచి సగం, ఒకదానికి కిందనుంచి సగం చీలిక. నిలబెట్టగానే గుడ్లు పెట్టే అట్టపెట్టెలా గళ్లు గళ్లుగా నిలిచింది. ఎంత బాగా నిలిచిందంటే కుర్రాళ్లు అప్పుడే దాని ముందు రీల్ తీశారు.

జూలై మొదటి ఆదివారం ఒక ట్రాక్టర్ ఎర్రమట్టి దింపించాం. ఇసుక పక్కింటి కట్టుబడిలో మిగిలింది. వర్మీకంపోస్టు, కోనసీమ నుంచి వచ్చే కొబ్బరిపొట్టు కలిపాం. నాలుగంగుళాలు నింపడం, తడపడం, దిమ్మిసతో కొట్టడం, మళ్లీ నాలుగంగుళాలు. పిన్నిగారు ఇడ్లీలు, అల్లప్పచ్చడి తెచ్చారు. సాయంత్రానికి మట్టి సోఫా తయారు. గడ్డి మర్నాడు పరుద్దామని గోనెలు కప్పి ఇళ్లకెళ్లాం.

ఆ రాత్రి వాన కొట్టింది.

పొద్దున్న వెళ్లి చూస్తే కుడి చెయ్యి జారి నేల మీద కూర్చుంది. ముందు గోడకి బొజ్జ వచ్చింది. ఫ్రిజ్ డబ్బా అట్ట ఒక్క రాత్రిలో నానబెట్టిన అప్పడం అయిపోయింది. అట్ట ఎప్పటికైనా కరిగిపోవాల్సిందే, కానీ ఈలోగా గడ్డి వేళ్లు మట్టిని పట్టుకోవాలి. మా గడ్డి ఇంకా చుట్ట విప్పలేదు. గోదావరి జిల్లాలో ఆషాఢంలో అట్టని నమ్ముకోవడం మా తెలివితక్కువే. మందుల షాపాయన "ఇక వదిలేద్దాం" అన్నాడు. ఆయన ప్రతిదానికీ అదే అంటాడు.

నేను ఇంటికెళ్లి దబ్బనం తెచ్చాను. పాత గోనెసంచులు విప్పి, పురికొసతో కలిపి కుట్టి, సోఫా చుట్టూ కవరు తొడిగినట్టు బిగించాను. బయటినుంచి వెదురు కర్రలు పాతి ఆపు పెట్టాం. గోనెలోంచి నీరు పోతుంది, వేళ్లు దిగుతాయి, ఏడాదికి అదీ మట్టిలో కలుస్తుంది. ఈసారి చేస్తే అట్ట జోలికే పోను, మొదటే గోనె. ఇరవై రెండేళ్లుగా కుడుతున్నా, వంగి వంగి ఎనిమిదడుగుల అంచు కుట్టడం అదే మొదటిసారి. రెండు రోజులు నడుం పట్టేసింది.

గడ్డి పరచడం నాకు బాగా నచ్చిన పని. ఇటుక వరసల్లా అతుకులు ఒకదాని కింద ఒకటి రాకుండా వెయ్యాలి. నిలువు గోడల మీద ముక్క జారకుండా జానెడు వెదురు పుల్లలు గుచ్చాం, ముక్కకి నాలుగు. మూలల దగ్గర ముక్క కోసి అతికితే అక్కడే ఎండుతుంది, అందుకని కొయ్యకుండా మడిచి తిప్పాను, లోపలి మట్టి కాస్త గీకితే చక్కగా మడత పడింది. అతుకుల్లో ఇసుక పోశాం. అయ్యాక దూరంగా నిలబడి చూస్తే, నిజం చెప్పొద్దూ, పెళ్లికూతురి బ్లౌజు హ్యాంగర్‌కి తగిలించినప్పుడు కలిగే సంతోషమే కలిగింది.

మూడో రోజు ఆవు. పార్కు గేటు మేమే వేయలేదు. అది ఎడమ చేతి మీదా పై అంచు మీదా మేసింది. మేస్తే మేసింది, వేళ్లింకా దిగలేదు కాబట్టి నోటితో లాగినప్పుడల్లా ముక్కకి ముక్క ఊడొచ్చింది. మేం వెళ్లేసరికి నోట్లో సోఫా మూల పెట్టుకుని నిలబడి ఉంది. మిగిలిన పదహారు అడుగుల్లోంచి పది అతుకు వేశాం.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. మూడు వారాలు రెండు పూటలా నీళ్లు పోశాం. పైకి పచ్చగానే ఉంది. కానీ మధ్యాహ్నం అయ్యేసరికి వెనక గోడ గడ్డి వాడి, ఆకు సూదిలా ముడుచుకునేది. సాయంత్రం నీళ్లు పోస్తే పైనుంచి జారి కిందికొచ్చేసేది. ఒకరోజు అనుమానమొచ్చి ఒక ముక్క మూల పట్టుకుని ఎత్తాను. దుప్పటి ఎత్తినట్టు మొత్తం లేచొచ్చింది. అడుగున చూస్తే తెల్లటి వేళ్లు బోలెడున్నాయి, కానీ అన్నీ ఆ నల్లమట్టి పొరలోనే అడ్డంగా పాకి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి. కింద మా ఎర్రమట్టిలోకి ఒక్క వేరు దిగలేదు. ఎర్రమట్టి వేలితో గీకితే పొడి. పైన జిగట నల్లమట్టి, కింద ఇసుక కలిసిన గుల్ల మట్టి. పై పొర నీళ్లని తనే పట్టుకుని కిందికి వదలడం లేదు. ఎండితే అదే బిరుసెక్కి అంచులు పైకి లేస్తున్నాయి. లైనింగు ఒక రకం, పై బట్ట ఒక రకం వేస్తే మొదటి ఉతుక్కే ఒకటి కుదించుకుపోయి ముడతలు పడుతుంది చూడండి, అచ్చం అదే.

నర్సరీకి ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తాడు, అది మెచ్చుకోవాలి. "నల్లమట్టి దులిపెయ్యలేదాండీ?" అన్నాడు. మీరు చెప్పలేదండీ అన్నాను. "నేల మీదైతే పర్లేదండీ, రోలర్ తిప్పితే పట్టేస్తది. మీది గోడ కదండీ మరి" అన్నాడు. గోడ అని మొదటిరోజే తెలుసు కదా! రకం గురించి అంత చెప్పిన మనిషి, ఎండ గురించి చెప్పిన మనిషి, ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే మూడు వారాల నీళ్లు మిగిలేవి. అక్కడ ఒక మార్కు పోయింది. తర్వాత వాళ్ల ఆటో మా వైపు వచ్చినప్పుడు డబ్బులు తీసుకోకుండా పది అడుగుల గడ్డి దింపించాడు. అర మార్కు తిరిగిచ్చాను.

వెనక గోడ మొత్తం, ముందు గోడలో సగం ఊడదీశాం. ముక్కల్ని టబ్బు నీళ్లలో నానేసి, అడుగు మట్టి చాలావరకు చేత్తో కడిగేసి, గోడ మట్టిని పాత దువ్వెనతో గీరి తడిపి, మళ్లీ వేసి పుల్లలు గుచ్చాం. పన్నెండో రోజు మూల పట్టి లాగితే రాలేదు. మళ్లీ లాగితే పుటుక్కున శబ్దం వచ్చింది. భయమేసి వదిలేశాను, కానీ ఆ శబ్దం విని ఎంత హాయిగా అనిపించిందో.

వెనక గోడ పడమర ముఖం. సాయంత్రపు ఎండకి అక్కడ కొంత చచ్చింది, ఎన్ని చేసినా చచ్చింది. ఆ ఖాళీల్లోకి పార్కు నేలలోంచి గరిక ఎక్కేసింది. దానికి కణుపు కణుపుకీ వేరే. మొదట్లో పిన్నిగారు, నేను పీకేవాళ్లం. వినాయక చవితి పొద్దున్న చూస్తే వీధి వీధంతా గరిక కోసం మా సోఫా వెనకాల ఉంది. ఆ రోజు నుంచి పీకడం మానేశాం. మట్టితో పాటు వచ్చిన తుంగని మాత్రం వదల్లేదు. అది లోపల గడ్డ పెట్టుకుని పీకిన చోటే రెండు లేస్తుంది. మట్టి కొనేటప్పుడు ఆ గడ్డలున్నాయేమో గుప్పెట్లో పట్టి చూసుకోండి.

కూర్చుంటే ఎలా ఉంటుందని అందరూ అడుగుతారు. చల్లగా ఉంటుంది. మెత్తగా ఉండదు, మెత్తగా అనిపిస్తుంది. సాయంత్రం ఐదున్నర నుంచి చీకటి పడేదాకా దాన్ని మించింది లేదు. ముగ్గురు దర్జాగా, నలుగురు ఇరుకుగా పడతారు. మధ్యాహ్నం మాత్రం ఆరుబయట ఎండ, ఎవరూ రారు, వీధికుక్క కూడా చెట్టు కిందికే పోతుంది. ఇక చలికాలంలో తమాషా ఏమిటంటే, పొద్దున్న ఎనిమిదిన్నర దాకా మంచు తడి. మేమేమో ఆరింటికి నడుస్తాం. ఎవరి కోసం కట్టుకున్నామో వాళ్లం తప్ప అందరూ కూర్చుంటున్నారు. నేనొక రెగ్జిన్ ముక్క అంచు కుట్టి తీసుకెళ్తున్నాను, లేకపోతే చీర వెనక గుండ్రంగా తడి మచ్చ. ఎర్రచీమలు ఒకసారి పట్టాయి, నీళ్లు గట్టిగా పెడితే పోయాయి.

గడ్డి రెండు మూడు వారాలకోసారి కత్తిరించాలి. మెషీన్ దీని మీద తిరగదు, కత్తెరే. మొదటిసారి కుర్రాళ్లు నన్నడక్కుండా షాపులోంచి నా బట్టల కత్తెర తీసుకెళ్లి కోశారు. గడ్డి కోసిన కత్తెర మళ్లీ పట్టు మీద నడుస్తుందా? సానకిచ్చినా మునుపటి పదును రాలేదు. ఇప్పటికీ వాళ్లతో సగమే మాట్లాడతాను. తోట కత్తెర 350 పెట్టి కొన్నాం.

ఖర్చు మొత్తం టిఫిన్లు కాకుండా 4,750 అయింది. గడ్డి 1,200, మట్టి 1,800, ఎరువు, పొట్టు కలిపి 1,100, వెదురు, పురికొస 300, ఆ కత్తెర. ఆరుగురం పంచుకున్నాం. మా రెండు పాత బెంచీల కన్నా బాగుంది కానీ, బెంచీకి రోజు విడిచి రోజు నాలుగైదు బకెట్ల నీళ్లు ఎవరూ పొయ్యక్కర్లేదు. ఊరెళ్తే ఎవరికో ఒకరికి అప్పజెప్పి వెళ్లాలి. సంక్రాంతికి అందరం తలో దిక్కూ పోయి నాలుగు రోజుల తర్వాత వస్తే కుడి చెయ్యి గోధుమరంగులోకి తిరిగింది. మళ్లీ లేచిందిలెండి.

గడ్డికి ఐదుకి నాలుగున్నర. నర్సరీకి నాలుగున్నర. సోఫాకి మూడు, నేనే కుట్టాను కాబట్టి ఇంకో పావు. మీరు కొంటే మెక్సికన్ రకమే కొనండి, నిలువు గోడకని ముందే చెప్పండి, చెప్పినా చెప్పకపోయినా అడుగున నల్లమట్టి కడిగేయండి.

ఇప్పుడున్న సమస్య ఒక్కటే. మాస్టారు కూర్చునే వైపు దిగిపోయింది. మొన్న టేపు పెట్టి చూశాను, పిన్నిగారి వైపు నేల నుంచి పదిహేనున్నర అంగుళాలు, ఆయన వైపు పదమూడు. గడ్డి లేపి ఇంకో రెండు తట్టల మట్టి వెయ్యాలి. ఆయన మాత్రం కొలత తప్పంటున్నారు.